ఉప్పుకు నాలుగు నిమిషాలు

సుమో బరిలో కుస్తీ మొదలయ్యాక తేలడానికి ఎక్కువసేపు పట్టదు. చాలా పట్లు 10 సెకన్లు దాటకుండానే ముగుస్తాయి. ఆ కాస్త కుస్తీకి ముందు మాత్రం పై శ్రేణి వస్తాదులకు 4 నిమిషాల గడువుంటుంది. ఆ గడువులో ఇద్దరూ తమ తమ మూలలకు వెళ్లి నీళ్లు పుక్కిలిస్తారు, గుప్పెడు ఉప్పు తీసి బరి మీద చల్లుతారు, తెల్లగీత దగ్గరికొచ్చి గొంతుకూర్చుని ఒకరినొకరు గుడ్లప్పగించి చూసుకుంటారు. ఇక కలబడతారు అనుకునేలోపు లేచి మళ్లీ మూలకు పోతారు. మళ్లీ ఉప్పు, మళ్లీ గీత, మళ్లీ చూపులు. తొలిసారి చూసేవాడికి ఇదంతా కాలక్షేపంలా కనిపిస్తుంది. ఉప్పు చల్లితే చెడు పోతుందన్నది షింటో మతంలోని నమ్మకమని చెబితే మనవాళ్లకు వెంటనే అర్థమవుతుంది. పిల్లవాడికి ఉప్పుతో దిష్టి తీసి నీళ్లలో వేసే ఇళ్లు మనకూ ఉన్నాయి కదా. కానీ ఆ నమ్మకం ఒక్కటే చెబితే కథ సగంలో ఆగిపోతుంది. ఉప్పు ఎందుకు అన్న ప్రశ్నకు మతం జవాబు చెబుతుంది. నాలుగే నిమిషాలు ఎందుకు, ఒక్కో వస్తాదు ఒక్కో తీరుగా ఎందుకు చల్లుతాడు అన్న ప్రశ్నలకు గడియారమే జవాబు చెప్పాలి. ఆటగాళ్ల సొంత తంతులు ఖాళీ సమయంలో పుట్టాయి, ఆ సమయాన్ని కొలవడం మొదలయ్యాక బిగిసి గట్టిపడ్డాయి అన్నది నా వాదన. దానికి సుమో చరిత్రను మించిన సాక్ష్యం నాకు కనబడలేదు.

1928కి ముందు సుమోలో ఈ గడువే లేదు. కుస్తీ మొదలు పెట్టమని విజిల్ వేసేవాడు లేడు, గంట కొట్టేవాడు లేడు. ఇద్దరు వస్తాదులూ వంగి, చేతులు నేలకు ఆనించి, ఇద్దరి మనసులూ ఊపిరీ ఒకేసారి సిద్ధమైనప్పుడు కలబడాలి. ఒకడు లేచి రెండోవాడు లేవకపోతే అది చెల్లదు, మళ్లీ మొదటికి రావాలి. ఆ రోజుల్లో బరి మధ్య గీతలు కూడా లేవు కాబట్టి తలకు తల ఆనించేంత దగ్గరగా వంగేవాళ్లు. ఎవరికి నచ్చినంతసేపు వాళ్లు ఆగొచ్చు. చూడవచ్చినవాళ్లు కూడా పొద్దంతా గడపడానికే వచ్చేవాళ్లు, తొందరేమీ లేదు. ఈ తీరును మార్చింది మతపెద్దలో వస్తాదులో కారు, రేడియో. 1928 జనవరిలో సుమో పోటీలు జపాన్ రేడియోలో ప్రత్యక్ష ప్రసారం కావడం మొదలైంది. ప్రసారానికి ఒక వేళ ఉంటుంది, ఆ వేళకు పోటీలు ముగియాలి. అందుకని అగ్రశ్రేణికి 10 నిమిషాలు, రెండో శ్రేణికి 7, మూడో శ్రేణికి 5 నిమిషాలు అని గడువు పెట్టారు. వస్తాదులు మరీ దగ్గరకు జరగకుండా బరి మధ్య రెండు తెల్లగీతలు గీశారు. తర్వాత 1942లో అగ్రశ్రేణి గడువు 7 నిమిషాలకు, 1945లో 5కు, 1950లో 4కు దిగింది. అప్పటి నుంచి అదే నడుస్తోంది. వేల ఏళ్ల సంప్రదాయమని చూసేవాళ్లు మురిసిపోయే ఆ నాలుగు నిమిషాల రూపానికి నిజానికి నూరేళ్లు కూడా నిండలేదు.

గడువు తగ్గినకొద్దీ తంతు పలచబడాలి కదా అని ఎవరికైనా తోస్తుంది. జరిగింది వేరు. గడువు ముగిసిందని న్యాయనిర్ణేతల్లో సమయం చూసే పెద్దమనిషి సైగ చేస్తాడు. ఇక వస్తాదు మూలకు వెళ్లి వచ్చాక తప్పించుకోవడానికి లేదు, కలబడాల్సిందే. ఆ చివరి గుప్పెడు ఉప్పు దగ్గరే సొంత ముద్రలన్నీ పోగుపడ్డాయి. మితోయిజుమి అనే వస్తాదు పెద్ద దోసిలితో ఉప్పు తీసి ఆకాశానికి ఎగరేసేవాడు. 1991లో సుమో బృందం లండన్ వెళ్లినప్పుడు అక్కడి జనం అతనికి ఉప్పుడబ్బా అని ముద్దుపేరు పెట్టారు. మరుసటి ఏడాది జులైలో అతను టోర్నీయే గెలిచాడు. తకమిసకరి అనే మరొకడు చివరి ఉప్పుకు ముందు పిడికిళ్లతో ముఖాన్నీ ఛాతీనీ బాదుకుని, రెండు చేతులూ మరమనిషిలా కిందికి దించేవాడు. అతనికి రోబోకాప్ అన్న పేరు స్థిరపడింది. 2013లో అతను కుస్తీ మానేసేదాకా ఆ క్షణానికే హాలంతా ఊగిపోయేది. కొతోషోగికు ఇంకో అడుగు ముందుకు వేశాడు. చివరి ఉప్పు చల్లేముందు నడుము నుంచి వెనక్కి విల్లులా వంగేవాడు. 2006 ఒలింపిక్స్‌లో స్కేటింగ్ స్వర్ణం గెలిచిన అరకవా షిజుకా భంగిమను గుర్తు చేస్తుందని దానికి జనం సరదా పేరు కూడా పెట్టుకున్నారు. 2016 జనవరిలో అతను గెలిచినప్పుడు, జపాన్‌లో పుట్టినవాడు టోర్నీ గెలవడం పదేళ్లలో అదే మొదలు. ముగ్గురూ చల్లింది అదే ఉప్పు, నిలబడ్డది అదే బరి. మతం అందరికీ ఒకే తంతు ఇచ్చింది. దాన్ని ఎవరికి వారు సొంతం చేసుకున్నది మాత్రం ఇక ఆగడానికి వీల్లేదని తెలిసిన ఆ కొద్ది సెకన్లలోనే.

ఆటగాళ్లు తంతులు ఎందుకు పట్టుకుంటారన్నదానికి పాత జవాబు ఒకటుంది, దాన్ని తేలిగ్గా కొట్టేయలేం. మానవ శాస్త్రవేత్త మాలినోవ్‌స్కీ పసిఫిక్‌లోని ట్రోబ్రియాండ్ దీవుల జాలర్లను చూసి, ఒడ్డు పక్క మడుగుల్లో చేపలు పట్టేటప్పుడు మంత్రతంత్రాలు ఉండవని, ప్రాణభయం ఉండే నడిసముద్రం వేటకే అవి ఉంటాయని 1925లో రాశాడు. చేపలు తప్పక దొరికే చోట మనిషి చేతిపనిని నమ్ముకుంటాడు, దొరుకుతాయో లేదో తెలియని చోట మంత్రాన్ని పట్టుకుంటాడు. అమెరికాలో చిన్న లీగుల్లో బేస్‌బాల్ ఆడి తర్వాత మానవ శాస్త్రమే చదివిన జార్జ్ గ్మెల్చ్ 1971లో ఈ సూత్రాన్ని మైదానానికి తెచ్చాడు. బంతి విసిరేవాడికీ కొట్టేవాడికీ తంతులు బోలెడు, ఫీల్డర్‌కు దాదాపు ఏమీ లేవు. ఎందుకంటే ఫీల్డర్ దగ్గరికొచ్చిన బంతుల్లో నూటికి 97 పైగా సరిగ్గానే అందుకుంటాడు, కొట్టేవాడు పదింట మూడు కొడితే గొప్పవాడు. అదృష్టం పాలు ఎక్కువున్న చోటే తంతు మొలుస్తుందన్న ఈ మాట నిజమే, కానీ చాలదు. ఫుట్‌బాల్‌లో మైదానం మధ్య బంతి కోసం పెనుగులాడే క్షణం కంటే అనిశ్చితమైనది ఏముంది? అక్కడ ఎవరూ శిలువ గుర్తు వేసుకోరు, బూటు తాడు సవరించుకోరు. ఆట ఆగి పెనాల్టీ వచ్చిందనుకోండి, బంతిని గిరగిరా తిప్పి పెట్టేవాడు, ముద్దు పెట్టేవాడు, అడుగులు లెక్కపెట్టేవాడు ఎక్కడి నుంచి వస్తారో వస్తారు. అనిశ్చితి రెండు చోట్లా ఉంది. ఆగి ఆలోచించుకునే వ్యవధి ఒక్క చోటే ఉంది.

మన చెడుగుడు కూడా ఇదే చెబుతుంది. కూతకు వెళ్లేవాడు గీత దగ్గర నేలను తాకి కళ్లకద్దుకుంటాడు, తొడ చరుస్తాడు. గీత దాటి కూత ఎత్తాక అతనికి ఊపిరే గడియారం. ఇప్పటి కబడ్డీలో 30 సెకన్ల గడియారం దానికి తోడైంది. అవతలి పక్క ఏడుగురు మీద పడబోతుండగా ఏ తంతూ ఉండదు, ఉండటానికి వీలు లేదు. ఇక్కడ ఒక గట్టి అభ్యంతరం వస్తుంది. ఎదురుచూడటమే కారణమైతే ఫీల్డర్ అందరికంటే ఎక్కువ ఎదురుచూస్తాడు, గంటలకొద్దీ నిలబడతాడు, అతనికి ఎందుకు అంటుకోలేదు? ఎదురుచూపుల్లో రెండు రకాలున్నాయన్నది నా జవాబు. ఫీల్డర్ ఎదురుచూసేది ఎప్పుడొస్తుందో తెలియని బంతి కోసం, దాన్ని మొదలుపెట్టేది ఇంకొకరు. బ్యాటర్, సర్వీసు చేసేవాడు, పెనాల్టీ తన్నేవాడు, సుమో వస్తాదు ఎదురుచూసేది తాము మొదలుపెట్టాల్సిన పని కోసం, లేదా ఫలానా క్షణంలో తప్పక ఎదుర్కోవాల్సిన పని కోసం. మొదలుపెట్టాల్సిన బాధ్యత, తప్పితే అందరూ చూస్తారన్న భయం, దాన్ని కాస్త వాయిదా వేసుకునే వీలు, ఈ మూడూ ఒక చోట కలిసినప్పుడే తంతు పుడుతుంది. 1990 ప్రపంచకప్‌లో అర్జెంటీనా గోల్‌కీపర్ గోయ్‌కొచేయాది దీనికి కాస్త మోటు ఉదాహరణ. యుగోస్లావియాతో క్వార్టర్ ఫైనల్ పెనాల్టీల ముందు అతనికి మూత్రం వచ్చింది, గదికి వెళ్లి వచ్చే వీలు లేదు. మైదానంలోనే కానిచ్చాడు, పెనాల్టీలు ఆపాడు, జట్టు గెలిచింది. సెమీఫైనల్లో ఇటలీతో మళ్లీ పెనాల్టీలు వచ్చాయి. ఈసారి అవసరం కోసం కాదు, కలిసొచ్చిందని మళ్లీ అదే చేశాడు. మళ్లీ గెలిచారు. ఒక తంతు పుట్టుక ఇంత స్పష్టంగా దొరకడం అరుదు.

ఇలాంటి పుట్టుకను ప్రయోగశాలలో పట్టుకున్నానని 1948లో మనస్తత్వ శాస్త్రవేత్త స్కిన్నర్ ప్రకటించాడు. ఆకలిగా ఉన్న 8 పావురాలను విడివిడిగా గూళ్లలో ఉంచి, అవి ఏం చేసినా చేయకపోయినా 15 సెకన్లకోసారి గింజలు అందేలా ఏర్పాటు చేశాడు. కొంతకాలానికి ఆరింటికి ఏవో వింత అలవాట్లు పట్టుకున్నాయి. ఒకటి గూట్లో గుండ్రంగా తిరిగేది, ఒకటి మూలలోకి తల దూర్చేది, ఇంకొకటి తల ఎగరేసేది. గింజ పడిన క్షణంలో పావురం చేస్తున్న పనే గింజను తెచ్చిందని అది పొరబడుతుందన్నాడు స్కిన్నర్. గోయ్‌కొచేయా కథకు ఇది అతికినట్టు సరిపోతుంది, అందుకే క్రీడల మూఢనమ్మకాల గురించి రాసేవాళ్లంతా ఈ పావురాలను ఎగరేస్తుంటారు. అయితే 1971లో స్టాడన్, సిమ్మెల్‌హాగ్ అనే ఇద్దరు అదే ప్రయోగాన్ని మళ్లీ చేసి, పావురం ఏ క్షణంలో ఏం చేస్తోందో జాగ్రత్తగా రాసుకున్నారు. గింజ పడే వేళ దగ్గరపడ్డప్పుడు పావురాలన్నీ ఇంచుమించు ఒకే పని చేస్తున్నాయి, పొడుస్తున్నాయి. తిరగడం, తల ఊపడం వంటి సొంత చేష్టలు గింజకూ గింజకూ మధ్య, ఇంకా వేళ కాని వ్యవధిలో వస్తున్నాయి. అవి గింజను తెప్పించే మంత్రాలు కావు, గింజ రాని సమయాన్ని నింపే పనులు. అంతకు పదేళ్ల ముందే ఫాక్ అనే పరిశోధకుడు ఎలుకల్లో ఇంతకన్నా వింత చూశాడు. నిమిషానికొకటి చొప్పున మేత గుళికలు అందుతున్న ఎలుకలు దాహం లేకపోయినా గుళికల మధ్య వ్యవధిలో తాగుతూనే ఉన్నాయి. మూడు గంటల్లో తమ బరువులో దాదాపు సగం నీళ్లు తాగేశాయి. సుమో వస్తాదు మళ్లీ మళ్లీ మూలకు వెళ్లి ఉప్పు తీయడం, టెన్నిస్‌లో పాయింటు పాయింటుకూ తువ్వాలు అడగడం ఈ రెండో లెక్క కిందికే ఎక్కువగా వస్తాయని నా అభిప్రాయం. స్కిన్నర్ పావురం పొరబడిన జీవి. స్టాడన్ పావురం ఎదురుచూస్తున్న జీవి. ఆటగాళ్లలో ఇద్దరూ ఉన్నారు, మనం మాత్రం మొదటివాణ్నే చూసి నవ్వుతాం.

క్రికెట్‌లో ఈ ఖాళీ సమయం కావలసినంత. బంతికీ బంతికీ మధ్య శ్రీకాంత్ లెగ్ అంపైర్ వైపు నడుచుకుంటూ వెళ్లి, సూర్యుడి వంక చూసి, ముక్కు ఎగబీలుస్తూ తిరిగి రావడం ఎనభైల్లో టీవీ చూసినవాళ్లకు అతని స్క్వేర్ డ్రైవ్‌లంత గుర్తు. టెండూల్కర్ ఎడమకాలి ప్యాడే ముందు కట్టుకునేవాడు. స్టీవ్ వా జేబులో ఎర్రటి గుడ్డపీలిక ఉండేది. అంపైర్ డేవిడ్ షెపర్డ్‌కైతే ఆడే పనే లేదు, నిలబడటమే ఉద్యోగం. అయినా స్కోరు 111కు చేరితే ఒంటికాలి మీద గెంతేవాడు. ప్యాడ్లు, చేతి గుడ్డలు, తినే తిండి వంటివి ఆట మధ్య ఆగిన క్షణాల్లోవి కావు కదా, గంటల ముందువి కదా అని ఎవరైనా అడగవచ్చు. దానికి బేస్‌బాల్ బ్యాటర్ వేడ్ బాగ్స్ దినచర్యే జవాబు. అతను ప్రతి మ్యాచ్‌కు ముందూ కోడికూర తినేవాడు, రాత్రి మ్యాచ్‌లకు సరిగ్గా 5 గంటల 17 నిమిషాలకు బ్యాటింగ్ సాధన, 7 గంటల 17 నిమిషాలకు పరుగులు. రాత్రి ఆడేవాడికి పగలంతా ఎదురుచూపే. బాగ్స్ ఆ పగటిని ముక్కలు చేసి ప్రతి ముక్కకూ ఒక పని అప్పగించాడు. గడియారాన్ని ఎవరూ అతని మీద పెట్టలేదు, అతనే తన మీద పెట్టుకున్నాడు.

ఆ బేస్‌బాల్ మీదికే చివరకు అసలు గడియారం వచ్చింది. డెబ్బైల్లో మైక్ హార్‌గ్రోవ్ అనే బ్యాటర్ ప్రతి బంతికీ బయటికి జరిగి చేతి తొడుగులు, టోపీ, చొక్కా చేతులు సవరించుకునేవాడు. ఆలస్యంలో వాననే మించిపోయాడని అతనికి వానపేరే తగిలించారు. అలాంటివాళ్లు పెరిగి పెరిగి, 2022లో సగటు మ్యాచ్ 3 గంటల 4 నిమిషాలు నడిచింది. 2023లో లీగ్ గడియారం పెట్టింది. ఆ ఏడాది నిబంధన ప్రకారం బేస్‌లు ఖాళీగా ఉంటే 15 సెకన్లలో, ఎవరైనా ఉంటే 20 సెకన్లలో బంతి పడాలి. 8 సెకన్లు మిగిలేసరికి బ్యాటర్ కొట్టడానికి సిద్ధంగా ఉండాలి, లేకపోతే ఒక స్ట్రైక్ పోతుంది. ఆ ఏడాది సగటు మ్యాచ్ 24 నిమిషాలు తగ్గింది. తంతులు తీసేస్తే ఆట చెడుతుందని భయపడ్డవాళ్లున్నారు, కానీ బ్యాటింగ్ సగటు .243 నుంచి .248కి పెరిగింది. ఇది గడియారం గొప్పే అని చెప్పలేం, అదే ఏడాది ఫీల్డర్లను ఒక పక్కకు పోగేయకూడదన్న నిబంధన కూడా వచ్చింది. చెడలేదు అని మాత్రం చెప్పవచ్చు. టెన్నిస్‌లో 2018 అమెరికన్ ఓపెన్ నుంచి సర్వీసుకు 25 సెకన్ల గడియారం కోర్టు పక్కనే కనిపిస్తోంది. దానివల్ల అందరికంటే నష్టపోతాడనుకున్నది నాదల్. సీసాల లేబుళ్లు కోర్టు వైపు తిప్పి పెట్టడం, గీతలు తొక్కకుండా నడవడం, ముక్కు, చెవుల వెనక జుట్టు వరసగా సవరించడం అతని తీరు. వీటిని మూఢనమ్మకమంటే అతను ఒప్పుకోలేదు. ఓడినా గెలిచినా చేస్తున్నప్పుడు అది నమ్మకమెలా అవుతుంది, తలలో ఉండాల్సిన క్రమాన్ని బయట పేర్చుకోవడమే అని ఆత్మకథలో వివరించాడు. గడియారం వచ్చాక కూడా అవన్నీ ఆ 25 సెకన్లలోనే ఇమిడాయి. 2022లో ఆస్ట్రేలియన్, ఫ్రెంచ్ ఓపెన్‌లు గెలిచిందీ వాటితోనే.

ఇంతకీ ఇవి పనిచేస్తాయా? 2010లో జర్మనీ పరిశోధకులు గోల్ఫ్ బంతి చేతికిస్తూ కొందరికి ఇది కలిసొచ్చే బంతి అని చెప్పారు. వాళ్లు 10కి సగటున 6.4 గుంటలో వేశారు, ఆ మాట చెప్పనివాళ్లు 4.8. ఈ ఫలితం పత్రికలన్నీ తిరిగింది. 2014లో అమెరికాలో ఎక్కువ మందితో మళ్లీ చేస్తే ఆ తేడా కనబడలేదు, ఆ వార్త అంతగా తిరగలేదు. బంతిలో బలం ఉందనే సాక్ష్యం బలహీనమే. చేసేవాడి గుండె దడ మీద పనిచేస్తుందనడానికి మాత్రం మెరుగైన సాక్ష్యం ఉంది. 2016లో పరిచయం లేనివాళ్ల ముందు పాట పాడమని కొందరిని కూర్చోబెట్టి, ముందుగా కొన్ని చేష్టలు చేయించారు. వాటిని తంతు అని చెప్పినప్పుడు కంగారు తగ్గింది, పాట మెరుగుపడింది. అవే చేష్టలను ఏవో పనులని చెప్పినప్పుడు ఆ లాభం లేదు. ఫుట్‌బాల్ పెనాల్టీ షూటౌట్‌లను పరిశీలించిన నార్వే పరిశోధకుడు యోర్డెట్, విజిల్ మోగగానే పరుగెత్తి తన్నేవాళ్లు ఎక్కువగా తప్పుతారని, కాస్త ఆగి తన్నినవాళ్లు నిలబడతారని చూపాడు. అంటే కావలసింది ఆగడం. ఆ ఆగేది ఊరికే నిలబడితే భరించరానిది కాబట్టి చేతికి ఒక పని కావాలి. వెయిట్‌లిఫ్టింగ్‌లో ఇప్పుడు పేరు పిలిచాక ఎత్తడం మొదలుపెట్టడానికి ఒక్క నిమిషం ఇస్తారు. వేదిక పక్కన పళ్లెంలో తెల్లటి సుద్ద ఉంటుంది. సిడ్నీలో 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చిన శ్రీకాకుళం బిడ్డ కరణం మల్లీశ్వరి నుంచి వ్యాయామశాల కుర్రాడిదాకా అందరూ అందులో చేతులు రుద్దుకుంటారు. చెమట పీల్చడానికి ఒక్క రుద్దు చాలు. అరచేతిలో సుద్ద తెల్లబడిపోయాక కూడా రుద్దుతూనే ఉండటం ఎందుకో, సుమో వస్తాదును అడిగితే చెబుతాడు.

ఆ వస్తాదు దగ్గరికే వెళ్దాం. అగ్రశ్రేణికి 4 నిమిషాలు, రెండో శ్రేణి అయిన జూర్యోకు 3 అన్నాక, మూడో శ్రేణికి మిగిలింది 2 నిమిషాలు. ఆ రెండు నిమిషాల్లో ఉప్పు చల్లడానికి సాధారణంగా వ్యవధి ఉండదు, ఆ కింద ఉన్నవాళ్లకైతే బరి ఎక్కడం, కలబడటమే. దేవుడి ముందు శుద్ధి కావడమే ఉప్పుకు కారణమైతే, కింది శ్రేణి వస్తాదుకు ఆ శుద్ధి అక్కర్లేదా? సంప్రదాయవాదులు ఈ ప్రశ్నకు జవాబు చెప్పకుండా దాటవేస్తారు. అప్రెంటిసుగా చేరి, పెద్దల ఒళ్లు రుద్ది, వంట చేసి, జీతం లేకుండా ఏళ్లు గడిపిన కుర్రాడు జూర్యోకు ఎదిగిన రోజున అతనికి నెల జీతం మొదలవుతుంది, పట్టు నడికట్టు వస్తుంది, సేవ చేయడానికి మనుషులు వస్తారు, చేతికి ఉప్పు అందుతుంది.